ఉప్పుగట్టు మీద ఆకుల మూతలు

అనగనగా ఒక అడవి, పిల్లలూ, ఆ అడవి నడుమ ఒక బోడికొండ. దానిమీద గడ్డి మొలవదు, చెట్టు నిలవదు. చూడ్డానికి ఏ శోభా లేదు. అయినా అందరి కళ్ళూ దానిమీదే. ఎందుకంటే దాని కడుపులో ఉప్పు ఉంది. అందుకే దాన్ని ఉప్పుగట్టు అనేవాళ్ళు.

ఉప్పు లేకపోతే ఏమవుతుందంటారా? దుప్పులకు పాలు పడవు. దున్నలు నీరసపడతాయి. ఏనుగులకు చిరాకు పుడుతుంది. ఏనుగుకు చిరాకు పుడితే పక్కనున్నవాళ్ళకు ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఆ ఉప్పు పైకి కనబడదు. తవ్వి తియ్యాలి. దుప్పి గిట్టలు తవ్వలేవు. ఏనుగు గుంతలో పట్టదు. ఆ పని పొట్టికాళ్ళవాళ్ళదే. ముళ్ళపందులు, పందికొక్కులు, అలుగులు, కుందేళ్ళు సన్నని గుంతలు తవ్వి, లోపల తెల్లచార వెంబడి పోయి, ఉప్పుపెళ్ళలు పైకి తెచ్చేవి. ఒకరు లోపల తవ్వుతుంటే ఒకరు బయట కూర్చునేవారు. తెచ్చిన పెళ్ళలు పెద్దకాళ్ళవాళ్ళకు ఇచ్చి, బదులుగా పండో దుంపో పుచ్చుకునేవారు. తరతరాలుగా అలాగే నడిచింది.

ఒక వానాకాలం పులిరాజుగారు ఆ కొండమీదికి షికారు వెళ్ళారు. వెంట మంత్రి కొండముచ్చు ఉన్నాడు. రాజుగారు తమ తాతగారి పరాక్రమం వినిపిస్తున్నారు. తాతగారు రెండు కొండల మధ్య ఎగురుతున్నారు. కథ మంచి పట్టులో ఉండగా రాజుగారి ముందరికాలు ఒక గుంతలోకి భుజం దాకా దిగిపోయింది.

అడవి అంతా చూసింది. ఎవరూ నవ్వలేదు. కుందేలు మాత్రం కడుపునొప్పి అని చెప్పి కొన్నాళ్ళు పొద దాటి రాలేదు.

మర్నాడే చాటింపు వేశారు.

"ఉప్పుగట్టు మీద గోరు పెట్టినవాళ్ళను అడవినుంచి వెళ్ళగొడతాం" అని మంత్రి చెట్టుమీంచి అరిచాడు. అరిచి, కిందికి దిగి, పొద్దుటి ఉప్పుపెళ్ళ నాకి, మూతి తుడుచుకున్నాడు. ఇంకో పెళ్ళ రాజుగారికి పట్టుకెళ్ళాడు. చాటింపులో తవ్వడం గురించే ఉంది. నాకడం గురించి ఏమీ లేదు. తవ్వితే దొంగ, నాకితే దొర. నేనేమీ అనడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

మరి తవ్వకం ఆగిందా? ఆగితే మంత్రిగారి మూతికి ఉప్పెక్కడిది? ఆగలేదు, దాక్కుంది.

పొట్టికాళ్ళవాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టారు. గుంతలోకి దిగాక లోపలినుంచే టేకాకులు లాగి మూత వేసుకునేవారు. పైనుంచి చూస్తే రాలిన ఆకులే. బయట ఎవరినీ కూర్చోబెట్టేవారు కాదు. కూర్చుంటే పట్టుబడతారు. మన్ను కూలకుండా లోపల కొయ్యలు నిలబెట్టడం కూడా మానేశారు. కొయ్య ఈడ్చుకెళ్తే అందరూ చూస్తారు.

ఇంటినుంచి బయల్దేరేటప్పుడు ఎవరైనా "ఎక్కడికి?" అంటే "వేళ్ళకు" అనాలి. వేళ్ళు తవ్వుకోవడం నేరం కాదుగా. విన్నవాళ్ళు "మంచి వేళ్ళు దొరకాలి" అని పంపాలి. అంతకుమించి అడగడం మర్యాద కాదు. అలా ఏడాది పొడుగునా అడవిలో సగంమంది వేళ్ళకు వెళ్ళారు. ఒక్కరి ఇంట్లోనూ ఒక్క వేరు కనబడలేదు.

ఆ వెళ్ళేవాళ్ళలో ముళ్ళపంది చెంచయ్య ఒకడు. అతని భార్య ఈరమ్మ. చెంచయ్య తన గుంత ఎక్కడుందో పెళ్ళానికి కూడా చెప్పలేదు. "నీ నోరు ఆగదు" అనేవాడు. ఈరమ్మకు విడిగా తన గుంత ఉంది. ఆమె కూడా చెప్పలేదు. "నీకు నిద్రలో మాట్లాడే అలవాటు" అనేది. అన్యోన్యమైన దంపతులు.

ఒకరోజు పొద్దున్నే చెంచయ్య "వేళ్ళకు" అని వెళ్ళాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, రాలేదు. పడమట మబ్బు లేచింది, రాలేదు. మబ్బు నల్లబడి గాలి మొదలైంది, అప్పటికీ రాలేదు. వాన పడేముందు గుంతలోంచి బయటికి రావాలని పాలు తాగే పందికొక్కుకు కూడా తెలుసు. నీళ్ళు దిగితే మన్ను కూలుతుంది.

 మన్ను అప్పటికే కూలి ఉంటుందని ఈరమ్మకు అర్థమైపోయింది. కూలితే, ఎక్కడ? ఆ కొండమీద ఏ ఆకుల కింద?

పరుగున అలుగు దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, మా ఆయన కనిపించాడా?"

అలుగు గబుక్కున ఉండలా చుట్టుకుంది. పెంకుల లోపలినుంచి గొంతు మాత్రం వచ్చింది. "వేళ్ళకు వెళ్ళాడేమోనమ్మా."

కుందేలు దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, మా ఆయన గుంత ఎక్కడో నీకేమైనా తెలుసా?"

"గుంత అంటే ఏమిటి?" అంది కుందేలు. చెవులనిండా తెల్లటి ఉప్పుమన్ను ఉంది. "వేళ్ళకు వెళ్ళుంటాడు. వాన వచ్చేలా ఉంది కదూ?"

పందికొక్కు పోలయ్య దగ్గరికి వెళ్ళింది. పోలయ్య మామూలుగా మాట్లాడితే తింటూ మాట్లాడతాడు, తినకపోతే తినబోయేదాని గురించి మాట్లాడతాడు. ఆవేళ అతని ముందు దుంప అలాగే ఉంది.

"మరిదీ, నీకు దణ్ణం పెడతాను. మా ఆయన్ని చూశావా?"

పోలయ్య దుంపవైపు చూశాడు. ఆమెవైపు చూడలేదు.

"వేళ్ళకు వెళ్ళుంటాడు వదినా" అన్నాడు. "మంచి వేళ్ళు దొరికుంటాయి."

ఈరమ్మ అక్కడే నిలబడింది. ఇన్నాళ్ళూ ఆమె కూడా ఎంతమందికి ఈ మాటే చెప్పిందో. ఇంక ఆమెకు రెండే దారులున్నాయి. ఇంటికెళ్ళి నోరు మూసుకుని కూర్చుంటే అడవిలో ఉండొచ్చు, మొగుడు ఉండడు. రాజుకు చెబితే మొగుడు ఉండొచ్చు, అడవి ఉండదు.

ఈరమ్మ రాజుగారు కూర్చునే బండవైపు పరుగెత్తింది. ముళ్ళపంది అంత వేగంగా పరుగెత్తడం అడవి ఎప్పుడూ చూడలేదు. ముళ్ళన్నీ గలగలమంటుంటే ఏమైందో చూద్దామని దుప్పులు, దున్నలు, ఏనుగుపెద్దమ్మ, అందరూ వెనకాలే వచ్చారు. ఎవరికి ఎంత పని ఉన్నా తగువు చూడ్డానికి తీరిక దొరుకుతుంది, అదేమి చిత్రమో.

"రాజా" అంది ఈరమ్మ ఆయాసపడుతూ. "నేను ఉప్పు తవ్వుతాను. మా ఆయన కూడా తవ్వుతాడు. పొద్దున గుంతలోకి దిగాడు, బయటికి రాలేదు. వాన వస్తోంది. ఎలాగైనా వెతికించండి. ఆ తర్వాత వెళ్ళగొట్టండి."

మంత్రి కొండముచ్చు చెట్టుమీంచి ఒక్క దూకు దూకాడు. "విన్నారా రాజా? నోటితో ఒప్పుకుంది. సాక్షులు కూడా అక్కర్లేదు."

"మంత్రిగారూ, ఒప్పుకోవడానికే వచ్చాను" అంది ఈరమ్మ.

"చాటింపు విన్నావా?"

"విన్నాను."

"విని కూడా తవ్వావా?"

"మీరు నాకుతున్నారు కదండీ" అంది ఈరమ్మ. "తవ్వకపోతే ఏమి నాకుతారు?"

దున్న ఒకటి దగ్గింది. దుప్పులు మేఘాలు చూశాయి.

పులిరాజుకు చప్పున ఏదో తట్టింది. నాలుకతో మూతి తడుముకున్నాడు. "మంత్రీ, పొద్దున నువ్వు తెచ్చిన ఉప్పు ఎక్కడిది?"

"అడవిదే రాజా" అన్నాడు కొండముచ్చు.

"అడవిలో ఎక్కడిది?"

కొండముచ్చు తోక చివర పేను కోసం వెతకడం మొదలుపెట్టాడు. చాలా ముఖ్యమైన పేను అయి ఉంటుంది.

రాజు తన ముందరికాలు చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆరోజు నాకు ఒక్క కాలే ఇరుక్కుంది. అయినా భయపడ్డాను. అతనికి ఒళ్ళంతా ఇరుక్కుంది."

రాజు భయపడ్డానని చెప్పడం ఆ అడవిలో అదే మొదటిసారి. కుందేలుకు కూడా కడుపునొప్పి రాలేదు.

"పదండి గట్టుకు" అన్నాడు రాజు.

ఇంకేముంది, అడవికి అడవే కొండెక్కింది. గాలి, దుమ్ము, గిట్టల చప్పుడు. పైకి వచ్చి చూస్తే బోడికొండ నిండా ఆకులే. ఒక్క చెట్టు లేని కొండమీద అన్ని ఆకులు ఎక్కడివని ఇంతకాలం రాజుగారికీ మంత్రిగారికీ అనుమానం రాలేదు. పెద్దవాళ్ళకు పెద్ద పనులుంటాయి.

"అడవిపందుల మందను పిలిపిద్దాం" అన్నాడు మంత్రి. "మూతులతో కొండ మొత్తం ఎత్తి పోస్తాయి. చిటికెలో తేలిపోతుంది."

"కొండ లేస్తుంది మంత్రిగారూ, మా ఆయన లేవడు" అంది ఈరమ్మ. "ఒక్కచోట పైనుంచి తొక్కితే పక్కనున్న గుంతలన్నీ కూలతాయి. లోపల ఎవరి దారి ఎటు పోయిందో తెలియాలి. అది తవ్వినవాళ్ళకే తెలుసు. వాళ్ళు చెప్పాలి."

రాజు పొట్టికాళ్ళవాళ్ళవైపు తిరిగాడు. వాళ్ళందరూ ఒక్కసారిగా వేళ్ళు వెతుకుతున్నట్టు నేల చూశారు.

"చాటింపు రద్దు" అన్నాడు రాజు. "గుంత చూపించినవాళ్ళకు శిక్ష లేదు. చూపించిన గుంత వాళ్ళదే. పక్కవాళ్ళు దాంట్లో గోరు పెట్టడానికి వీల్లేదు. నేను కూడా పెట్టను."

"రాజా, ఇలాగైతే అందరూ బయటపడతారు" అన్నాడు మంత్రి, రాజు చెవిలో.

"పడాలనే చెప్పాను."

ఎవరూ కదల్లేదు. రాజుగారి మాట వినడం అడవికి అలవాటే. నమ్మడం అలవాటు లేదు.

ఒక చినుకు పడింది.

ఈరమ్మ ముందుకు నడిచింది. ఒకచోట ఆగి, పళ్ళతో ఆకులు లాగి అవతల పారేసింది. నల్లటి గుంత నోరు తెరుచుకుంది. "ఇది నాది" అంది. "లోపల ఉత్తరం దిక్కుకు పోతుంది. నా దారిలో మా ఆయన లేడు."

మరో నాలుగు చినుకులు పడ్డాయి.

కుందేలు నసుగుతూ వచ్చింది. "ఊరికే, ఎండకు నీడగా ఉంటుందని తవ్వాను" అంటూ ఆకులు తీసింది. అలుగు ఉండ విప్పుకుని తనది చూపించింది. ఇంకంతే. ఎడమపక్క ఒకటి, కుడిపక్క రెండు, పైన, కింద, ఆకులు గాల్లోకి లేచాయి. "ఇది నాది", "ఇది మా అన్నదమ్ములది", "ఇది మా అత్తది, ఆవిడ నడవలేదు, నేను చూపిస్తున్నా" అని ఒకటే కేకలు. చూస్తుండగానే ఉప్పుగట్టు జల్లెడ అయిపోయింది. రాజుగారు అటూ ఇటూ చూసి, నాలుగు కాళ్ళూ ఎక్కడున్నవి అక్కడే ఉంచుకున్నారు.

ఎవరి దారి ఎటు పోయిందో చెబుతుంటే ఈరమ్మ కొండంతా కలియదిరిగింది. ఉత్తరాన లేడు. తూర్పున లేడు. వాగువైపు లేడు. వాన జోరందుకుంది.

అందరికంటే వెనక నిలబడ్డవాడు పందికొక్కు పోలయ్య. వాన ముఖంమీద కొడుతున్నా తుడుచుకోవడం లేదు.

"వదినా" అన్నాడు.  "నాది ఇక్కడ."

ఆకులు తీశాడు. ఆ పక్కనే, బారెడు దూరంలో, మరో ఆకుల కుప్ప ఉంది. అది లోపలికి కుంగిపోయి ఉంది.

"అది చెంచయ్యన్నది" అన్నాడు పోలయ్య. "అతని చారలో ఉప్పు బాగుందని తెలిసి లోపలినుంచి అతనివైపు తవ్వాను. మధ్యలో పలుచటి గోడే మిగిలింది. పొద్దున అవతల గీరుతున్న చప్పుడు విన్నాను. చెబితే నా దొంగతనం బయటపడుతుందని చెప్పలేదు."

ఈరమ్మ అతనివైపు ఒక్క చూపు చూసింది. తిట్టడానికి ఆగలేదు. అతని గుంతలోకి దూకింది.

అప్పుడు చూడాలి పిల్లలూ ఆ సందడి. ఈరమ్మ లోపల గోడకు చెవి ఆనించింది. ఏమీ వినబడలేదు. కుందేలు దూరి, తన పొడుగు చెవి ఆనించి, "గీరుతున్నాడు, ఇంకా గీరుతున్నాడు, కాస్త కిందికి" అంది. అలుగు ముందుకు జరిగి గోళ్ళు దింపింది. పెంకుల వీపుమీద మన్ను రాలుతుంటే, "పైకప్పు నిలవదు, కొయ్య కావాలి" అని కేక వేసింది. ఏనుగుపెద్దమ్మ కొండ దిగి, రెండు సన్నని చెట్లు విరిచి, తొండంతో పట్టుకుని పరుగున వచ్చింది. దున్నలు వాటిని నెట్టి గుంతలోకి దింపాయి. పోలయ్య లోపల వాటికి వీపు ఆనించి నిలబెట్టాడు. దుప్పులు కంగారుగా గిట్టలు కొట్టబోతే, "నేల అదరగొట్టకండి, కదలకండి, మీరు చేసే సాయం అదే" అని కుందేలు గుంతలోంచి తల పైకెత్తి గదిమింది. దుప్పులు జీవితంలో మొదటిసారి కదలకుండా నిలబడ్డాయి. చాలా కష్టపడ్డాయి పాపం.

ఈలోగా కొండమీదినుంచి వాననీళ్ళు పాయకట్టి గుంతవైపు దిగాయి. ఇంకాస్త ఆగితే గుంత నిండుతుంది. అడ్డు వేయడానికి రాయి లేదు, రప్ప లేదు.

పులిరాజు వెళ్ళి ఆ పాయకు అడ్డంగా బురదలో పడుకున్నాడు. నీళ్ళు ఆయన వీపుకు కొట్టుకుని పక్కకు మళ్ళాయి.

"రాజా, తమరు బురదలో" అని మంత్రి నోరు తెరిచాడు.

"మంత్రీ, నా పొట్టకింద సందుంది. మన్ను తెచ్చి పూడ్చు."

కొండముచ్చు తెచ్చాడు. చేతులతో తెచ్చాడు. మళ్ళీ మళ్ళీ తెచ్చాడు. ఆ చేతులు అన్ని పనులు చేయగలవని ఆయనకే తెలియదు.

లోపల అలుగు ఒక్క తోపు తోసింది. గోడ విరిగింది. అవతలి చీకట్లోంచి మూడు ముళ్ళు, వాటివెనక ఒక మూతి కనబడ్డాయి. ఈరమ్మ ఒక కాలు, పోలయ్య ఒక కాలు పట్టుకుని లాగారు. చెంచయ్య బయటికి వచ్చాడు. ఒళ్ళంతా మన్ను. గుండెకు హత్తుకుని ఒక ఉప్పుపెళ్ళ. అది మాత్రం వదల్లేదు.

కాసేపు ఊపిరి తీసుకున్నాడు. వానలో నిలబడ్డ అడవినంతా చూశాడు. రాజును చూశాడు, ఏనుగును చూశాడు. పెళ్ళాంవైపు తిరిగాడు.

"నా గుంత సంగతి వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?" అన్నాడు.

ఈరమ్మ అతని ముళ్ళలోంచి మన్ను దులిపింది. దులుపుతున్నంతసేపూ తిట్టింది. తిట్లు అయిపోయాక ఏడ్చింది.

వాన వెలిశాక రాజు అందరినీ కూర్చోబెట్టి కొత్త కట్టుబాటు చేశాడు. ఈసారి చెట్టుమీంచి చాటింపు కాదు. తవ్వేవాళ్ళను అడిగి, నాకేవాళ్ళను అడిగి చేశాడు. ఎవరి గుంత వాళ్ళదే, హద్దు దాటకూడదు. ఏ గుంతకూ మూత ఉండకూడదు. లోపల ఒకరుంటే బయట ఒకరుండాలి. కొయ్యలు ఏనుగులు తెస్తాయి, దున్నలు దింపుతాయి. వచ్చిన ఉప్పులో ముందు వంతు బాలింత దుప్పులకు. వానాకాలం తవ్వకం లేదు. ఉప్పు అయిపోయిన గుంతను తవ్వినవాళ్ళూ నాకినవాళ్ళూ కలిసి పూడ్చాలి.

"తవ్వేముందు నా చెట్టుదగ్గరికి వచ్చి నన్ను అడగాలి" అని మంత్రి ఒకటి చేర్చబోయాడు.

"వాళ్ళెందుకు రావాలి? నువ్వే గట్టుమీద కూర్చో. మబ్బు కనబడితే కేక వెయ్యి" అన్నాడు రాజు.

అప్పటినుంచి మంత్రిగారికి కూడా పని దొరికింది. ఆయనే అందరికీ చెప్పుకుంటాడు, అడగకపోయినా.

వానాకాలం పోయి, నేల గట్టిపడ్డాక మళ్ళీ తవ్వకం మొదలైంది. మొదటిరోజు ఏనుగుపెద్దమ్మ తెచ్చిన దుంగలు గట్టుమీద వరసగా ఉన్నాయి. చెంచయ్య గుంతలోకి దిగి కొలత చూస్తున్నాడు. ఈరమ్మ ఒక దుంగను ఒంటరిగా ఈడుస్తోంది. పోలయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"వదినా" అన్నాడు చివరికి. "ఆరోజు నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. నన్ను క్షమిస్తావా?"

ఈరమ్మ దుంగ దింపింది. గుంతవైపు చూసింది. లోపలినుంచి మొగుడి సణుగుడు వినబడుతోంది.

"ఆ సంగతి తర్వాత చూద్దాం" అంది. "ముందు దీని అవతలి కొస పట్టుకో."

పోలయ్య పట్టుకున్నాడు.

నీతి: కష్టపడి బతికేవాళ్ళ పనిని నేరం అంటే ఆ పని ఆగదు, చీకట్లోకి పోతుంది. హద్దు చెప్పి, తోడు నిలిచి, వెలుగులో చెయ్యనిస్తే అందరికీ మేలు.